వాన ఎగ్గొడితే ఏ కూరగాయ నిలుస్తుంది?

విత్తనాల ప్యాకెట్ మీద 'అధిక దిగుబడి' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, కానీ ఆ దిగుబడి వేళకు తడులు అందితేనే వస్తుంది. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఎర్ర చెల్కల్లో బోరు మీద నమ్మకం లేకుండా కూరగాయలు పెట్టేవాళ్లు షాపులో అడగాల్సింది వేరు: మధ్యలో మూడు వారాలు వాన లేకపోతే ఈ మొక్క ఏం చేస్తుంది?

హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. తక్కువేం కాదు. కాకపోతే చాలావరకు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే, అదీ విడతలు విడతలుగా పడుతుంది, చెల్క నేలేమో తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచలేదు.

అందుకే నేనైతే ముందు పూత చూడమంటాను. పొట్టి టమాటా రకాలు కొంత ఎత్తు పెరిగి ఆగిపోతాయి, పూత కూడా తక్కువ రోజుల్లోనే వచ్చేస్తుంది, సరిగ్గా అప్పుడే బెట్ట తగిలితే పూత రాలి పంట దెబ్బతింటుంది. గోరుచిక్కుడు, బెండ అలా కాదు, కాండం పెరిగేకొద్దీ కొత్త కణుపుల్లో కొత్త పూత వస్తూనే ఉంటుంది కాబట్టి ఒక విడత పోయినా వాన పడ్డాక మళ్లీ కాస్తాయి. పైగా గోరుచిక్కుడు తల్లివేరు లోతుకు దిగుతుంది. రాజస్థాన్ ఇసుక నేలల్లో అంతగా పండేది అందుకే. టమాటానే కావాలంటే వర్షాధారానికని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క మేఘాలి లాంటి రకం చూడండి.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యం గంగవాయిలి కూర. బెట్ట పెరిగితే ఇది పగలు ఆకు రంధ్రాలు బిగించి, రాత్రి తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, తెల్లారాక ఎండలో దాన్ని వాడుకుంటుంది. చల్లటి వేళ తెరవడం వల్ల నీరు తక్కువ పోతుంది. బెట్టలో ఉన్న మొక్క ఆకును పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నమిలి చూడండి, పొద్దుటిది బాగా పుల్లగా ఉంటుంది. దీన్ని కలుపని పీకి పారేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంకో పని. వాన ఎడమిచ్చి మళ్లీ పడ్డాక ఏ గోరుచిక్కుడు మొక్కలు ముందుగా పూశాయో వాటికి దారం కట్టి, కాయలు కోయకుండా ముదరనిచ్చి విత్తనానికి ఉంచుకోండి. హైబ్రిడ్లకు మాత్రం ఇది పనికిరాదు, వాటి విత్తనం తల్లి మొక్కలా రాదు.