యాంటెన్నా ముందున్న ఆ పది సెంటీమీటర్లు

బ్రాడీపేట, గుంటూరు

పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ అనే ఫ్యూజన్ రియాక్టర్‌లో ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన వాయువును, రేడియో తరంగాలతో ఎలా వేడి చేస్తారని అడిగారు కదా. 5.3 టెస్లా అయస్కాంత క్షేత్రంలో ట్రిటియం (బరువైన హైడ్రోజన్) అయాన్లు సెకనుకు దాదాపు 2.7 కోట్ల సార్లు తిరుగుతాయి. దానికి రెట్టింపు, అంటే సుమారు 53 మెగాహెర్ట్జ్ తరంగం పంపితే అవి శక్తిని పుచ్చుకుంటాయి. మన విజయవాడ ఎఫ్‌ఎం స్టేషన్ల పౌనఃపున్యంలో ఇది దాదాపు సగం. వేడెక్కడం అంత కష్టం కాదు. తరంగాన్ని లోపలికి పంపడమే కష్టం.

యాంటెన్నా ముందు పది సెంటీమీటర్ల పలుచని అంచు పొర ఉంటుంది. అక్కడ ఘనపు మీటరుకు ఎలక్ట్రాన్లు 10^18, 10^19ల మధ్యకు చేరేదాకా ఆ తరంగం ముందుకు నడవదు, అడుగడుగునా క్షీణిస్తుంది. తరంగాన్ని వదిలే యాంటెన్నా లోహపు పట్టీల మధ్య దూరం 40 సెంటీమీటర్లు, పక్కపక్క పట్టీల్లో విద్యుత్తు ఎదురెదురు దశల్లో ఉందనుకోండి. క్షీణత గుణకం మీటరుకు 8 దాకా వస్తుంది. ప్లాస్మా 5 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే కప్లింగ్ నిరోధం (యాంటెన్నా నుంచి ప్లాస్మాలోకి శక్తి ఎంత బాగా దిగుతుందో చెప్పే కొలత) సగానికంటే తక్కువైపోతుంది. యాంటెన్నాకు శక్తిని మోసుకెళ్లే 50 ఓమ్‌ల లైనులో వోల్టేజి 30 కిలోవోల్టులు దాటనివ్వకూడదంటే, 4 ఓమ్‌ల దగ్గర 720 కిలోవాట్లు వెళ్లేవి 330 దగ్గరే ఆగుతాయి. మిగతాది పంపాలని చూస్తే లైనులో ఆర్క్ కొడుతుంది.

అందుకే మీరు కంప్యూటర్‌లో కట్టే యాంటెన్నా మోడల్‌లో పట్టీలు, వాటి ముందుండే లోహపు కడ్డీల ఫారడే తెర, పెట్టె ఆకారం ఉంటే చాలు. బోల్టు తలలు తీసేయండి. మీ శ్రమంతా అంచు సాంద్రత వక్రరేఖ మీద పెట్టండి. మెట్టులా ఒక్కసారిగా పెంచకుండా రిఫ్లెక్టోమీటర్ (మైక్రోవేవ్ ప్రతిఫలనంతో సాంద్రత కొలిచే పరికరం) కొలిచిన రేఖే ఇవ్వండి. ప్లాస్మాకు చల్లని ప్లాస్మా డైఎలక్ట్రిక్ టెన్సర్ (కణాల వేడిని పట్టించుకోకుండా, ఏ దిశలో క్షేత్రానికి ప్లాస్మా ఎలా స్పందిస్తుందో చెప్పే పట్టిక) వాడండి, అయస్కాంత రేఖల వాలు మరవకండి.

చాలామంది బోల్తాపడేది ఇక్కడ: సాంద్రత బాగా తక్కువున్న చోట లోయర్ హైబ్రిడ్ రెసొనెన్స్ అనే అనునాదం వస్తుంది. మెష్‌ను (లెక్క కోసం మోడల్‌ను ముక్కలు చేసే గడుల వలను) సన్నబరిచిన కొద్దీ అక్కడ విద్యుత్ క్షేత్రం పెరుగుతూనే పోతుంది, జవాబు స్థిరపడదు. ఆ పొరను శూన్యంగా తీసుకోండి, లేదా కొంచెం కృత్రిమ ఘర్షణ చేర్చి, ఎంత చేర్చారో తప్పక రాసిపెట్టండి. ఒక్క మెష్‌తో వచ్చిన అంకెను నేను నమ్మను.

నిజం యంత్రంలో ఈ పొర ఒకచోట నిలవదు. అంచు విస్ఫోటాలు వచ్చినప్పుడు మిల్లీసెకను లోపే లోడ్ మారి, శక్తి వెనక్కి తన్ని జనరేటర్ ట్రిప్పవుతుంది. వెనక్కి వచ్చిన శక్తిని జనరేటర్ వైపు పోనివ్వకుండా మళ్లించే 3 డెసిబెల్ హైబ్రిడ్ కప్లర్లు పెట్టేది అందుకే. యాంటెన్నా పక్క నుంచి కొద్దిగా గ్యాస్ వదిలితే అంచు సాంద్రత పెరిగి కప్లింగ్ కూడా మెరుగవుతుంది.

ముందు ప్లాస్మా బదులు ఉప్పునీటి తొట్టి పెట్టి లెక్కకట్టండి. మూడు మెష్‌లతో వచ్చిన ఎస్-పారామీటర్లు (యాంటెన్నా నుంచి ఎంత తరంగం తిరిగొస్తుందో, ఎంత దాటుతుందో చెప్పే అంకెలు) నాకు పంపండి.

మీ పెదనాన్న