సూది వేసుకుంటే కిడ్నీలు పోతాయా?

కర్నూలు పెద్దాసుపత్రి ఓపీ క్యూలో కాసేపు నిలబడితే ఇలాంటి మాట చెవిన పడుతుంది: "మా చిన్నాయనకు ఇన్సులిన్ మొదలుపెట్టినారు, ఏడాది తిరక్కముందే కిడ్నీలు పోయినాయి." అబద్ధమేమీ కాదు, కళ్లారా చూసిందే. చిక్కంతా ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లో ఉంది. కిడ్నీలు బాగా దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఆపేయాలి. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు ఒంట్లో నిలిచిపోయి షుగర్‌ను ప్రమాదకరంగా దించేస్తాయి. ఇక డాక్టరు చేతిలో చాలాసార్లు మిగిలేది ఇన్సులినే. చెడిపోతున్న కిడ్నీయే సూదిని పిలిచిందన్నమాట.

ఆసుపత్రి రికార్డులతో మందుల్ని పోల్చే పరిశోధకులకూ ఇదే తలనొప్పి. డాక్టరు బొమ్మా బొరుసా వేసి మందు రాయడు కదా, జబ్బు ముదిరినవాళ్లకే సూది రాస్తాడు. నిజంగానే లాటరీ పద్ధతిలో రోగుల్ని రెండు జట్లుగా పంచి, ఒక జట్టుకు ఇన్సులిన్, ఇంకో జట్టుకు మామూలు చికిత్స ఇచ్చి చూసిన పరీక్ష ఆరిజిన్. 12,537 మందిని ఆరేళ్లకు పైగా గమనించి 2012లో ఫలితాలు ప్రకటించారు. గుండెపోట్లలో, చావుల్లో, క్యాన్సర్లలో తేడా లేదు. షుగర్ పడిపోవడం, కాస్త బరువు పెరగడం మాత్రం ఇన్సులిన్ జట్టులో ఎక్కువ.

ప్రతి మందుకూ అంత పెద్ద పరీక్ష పెట్టలేం. పదివేల మందిలో ఒకరికి వచ్చే దుష్ఫలితం చిన్న పరీక్షలో బయటపడదు. కాబట్టి రికార్డులే దిక్కు. అయితే సూది వేసుకునేవాళ్లను అసలు అవసరమే పడనివాళ్లతో పోల్చకూడదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే సరిపోని రోజున ఒకరికి ఇన్సులిన్, ఇంకొకరికి వేరే మాత్ర రాశారు. పోలిక వీళ్ల మధ్య పెట్టాలి, ఇద్దరి లెక్కా ఆ రోజునుంచే మొదలవ్వాలి. పదేళ్లుగా వాడుతున్నవాళ్లను కలిపితే, మందు పడనివాళ్లు ఎప్పుడో మానేసి ఉంటారు, మిగిలేది తట్టుకున్నవాళ్లే.

నన్నడిగితే, లెక్క మొదలుపెట్టే రోజు దగ్గరే ఎక్కువ మోసం జరుగుతుంది. 104 బండి దగ్గర ఏడాది పొడవునా మాత్రలు తీసుకున్నవాళ్లే ఎక్కువకాలం బతికారని ఎవరో తేల్చారనుకోండి. ఏడాది పొడవునా తీసుకోవాలంటే ముందు ఏడాది బతికుండాలి! మూడో నెలలో పోయినవాడు "సరిగా వాడనివాళ్ల" ఖాతాలో పడతాడు. ఆ మాత్ర ఉత్త సుద్దముక్క అయినా గెలిచినట్టే కనిపిస్తుంది.

ధర్మవరం దగ్గర బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి తన హెచ్‌ఐవీ రోగుల రికార్డులతో ఆ సంస్థ వ్యవస్థాపకుడు విన్సెంట్ ఫెర్రర్ పేరు మీద ఒక కోహార్ట్ అధ్యయనం, అంటే ఒక గుంపు రోగుల్ని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం, నడిపింది. అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలూ వచ్చాయి. ఆ జబ్బుకు మందులు జీవితాంతం వాడాలి, ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంత మిగిలిందో చెప్పే సీడీ4 కణాల సంఖ్య నమోదవుతుంది. ఎవరు ఎంత నీరసించి వచ్చారో తెలుస్తుంది గనక సమానుల్ని సమానులతో పోల్చవచ్చు.

షుగర్ రోగి దారి వేరు. ఒక నెల 104 బండి, ఒక నెల మెడికల్ షాపు, మధ్యలో ఇంకో డాక్టరు. చీటీలో షుగర్ అంకె ఉంటుంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చాలాసార్లు ఉండదు. సూది రాసిన రోజున కిడ్నీ ఏ స్థితిలో ఉందో తెలియనప్పుడు, అలాంటి చీటీలు లక్ష పోగేసినా ఈ పోలిక కుదరదు.