"కాన్సెప్ట్ దొరికాక గీస్తాను" అనే పిల్లల కోసం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మాస్టారూ, సబ్మిషన్‌కి నెలన్నరే ఉందండి. ఐడెంటిటీ మీద మిక్స్‌డ్ మీడియాలో ఎనిమిది వర్క్స్ పెట్టాలండి. కాన్సెప్ట్ ఇంకా దొరకలేదండి." ఐడెంటిటీ అంటే అస్తిత్వం, "నేనెవరు?" అన్న ప్రశ్న. మిక్స్‌డ్ మీడియా అంటే ఒకే బొమ్మలో వేరువేరు మెటీరియల్స్ కలిపి చేసే పని. కాన్సెప్ట్ అంటే ఆ పని వెనకుండే ఆలోచన. గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంటుంది. ఇప్పటిదాకా ఎన్ని గీశావమ్మా అని అడిగితే జవాబూ ఒకటే. "ఏమీ గీయలేదండి. కాన్సెప్ట్ దొరికాక మొదలుపెడదామని."

విజయనగరం కోట దగ్గర ఒక మేడమీద గదిలో పద్నాలుగేళ్లుగా డ్రాయింగ్ నేర్పుతున్నాను. విశాఖలో బీఎఫ్‌ఏ అనే లలితకళల డిగ్రీ చదువుతూ సెలవులకి ఇళ్లకి వచ్చే శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు చాలామంది తమ వర్క్స్ చుట్టచుట్టి పట్టుకుని మా గదికి వస్తారు. వాళ్లలో గీత రానివాళ్లు తక్కువ. గీత వచ్చి కూడా నెలల తరబడి ఖాళీ కాగితం ముందు కూర్చున్నవాళ్లే ఎక్కువ. చూసీ చూసీ ఇది రాస్తున్నాను.

అపోహ: ముందు కాన్సెప్ట్ ఉండాలి, డ్రాయింగ్ ఆ తర్వాత.

ఈ ఒక్క మాట వల్ల పోయినన్ని సెమిస్టర్లు ఇంక దేనివల్లా పోలేదు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. జ్యూరీలో, అంటే వర్క్స్ చూసి మార్కులు వేసేవాళ్ల ముందు, కూర్చోగానే "నీ కాన్సెప్ట్ ఏమిటి?" అని అడుగుతారు. మొదట అడిగేది అదే కాబట్టి మొదట పుట్టాల్సిందీ అదే అని పిల్లలు అనుకుంటారు. సీనియర్లు దానికి ఇంకాస్త కలిపి చెబుతారు. కానీ కాన్సెప్ట్ అనేది గీయగా గీయగా, గీసినవన్నీ నేలమీద పరిచి చూసుకోగా తేలేది. నలభై కాగితాలు లేకుండా అది తేలదు. తేలకపోతే నీలో లోపం ఉందనీ కాదు, ఇంకా కాగితాలు చాలలేదని.

"నేనెవరు?" అని తెల్లకాగితం ముందు కూర్చుని ఆలోచిస్తే బుర్రలోకి ముందుగా వచ్చేవి అందరికీ వచ్చేవే. వేలిముద్ర, ఆధార్ కార్డు, సగం ముఖం సగం చెట్టు, పగిలిన అద్దం, జిల్లా మ్యాపు. మన పిల్లలైతే వాటికి అరసవల్లి సూర్యుణ్ణో, పైడితల్లి సిరిమానునో కలుపుతారు. పదిమంది బోర్డులు వరసగా గోడకి ఆనిస్తే ఏది ఎవరిదో నేను చెప్పలేను. అస్తిత్వం గురించి చేసిన పనిలో ఆ మనిషి ఆనవాలే దొరకదు. చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రెండేళ్ల కిందట భావనపాడు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న చేపల వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటాడు. మన తీరంలో చాలా ఊళ్ల సంగతి ఇదే. ఆ అమ్మాయి పెద్ద బోర్డు మీద దేశం మ్యాపు గీసి, మధ్యలో పడవ పెట్టి, ఇక్కడినుంచి అక్కడికి ఎర్రదారం లాగింది. పడవ చాలా బాగా గీసింది. "ఇది పేపర్లో వార్త పక్కన వేసే బొమ్మలా ఉందమ్మా. మీ ఇల్లు ఇందులో ఎక్కడుంది?" అన్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటికే ఆ ఒక్క బోర్డు కోసం రెండు నెలలు ఆలోచించిందట.

ఆ రోజు ఆమెకి చెప్పిందే ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఇంటికెళ్లి రోజుకొక కాగితం, నలభై రోజులు. పోస్ట్‌కార్డు సైజు చాలు. ఇంట్లో ఉన్న వస్తువునే ఎదురుగా పెట్టుకుని చూస్తూ గీయాలి. పావుగంట దాటకూడదు. రబ్బరు ముట్టుకోకూడదు. మూల తేదీ వెయ్యాలి. దేన్నీ చింపకూడదు.

మొదటి పది రోజులవి నాకు ఫోన్‌లో పంపింది. బిందె, గ్యాస్ పొయ్యి, చీపురు, చార్జరు. షేడింగ్ శుభ్రంగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు. పదకొండో రోజు తలుపు వెనక మేకు గీసింది. నాన్న చొక్కా తగిలించే మేకు. ఆయన ఊళ్లో లేనన్నాళ్లూ దానికి ఇంట్లో ఎవరూ ఏమీ తగిలించరట. అమ్మ చెప్పిందీ లేదు, ఎవరూ అనుకున్నదీ లేదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న సంగతి గీస్తుంటేనే తట్టిందని రాత్రి పదిన్నరకి ఫోన్ చేసింది. తర్వాతి నెలరోజుల్లో ఆ మేకు ఆరుసార్లు వచ్చింది. మేకు కింద గోడమీద, ఏళ్ల తరబడి చొక్కా రాసుకుని పడిన మరక కూడా వచ్చింది.

ఆ మరక పెన్సిల్‌కి లొంగలేదు. బొగ్గుతో వేస్తే నీడలా ఉంది. వంటనూనె పూస్తానంది. అది ఆరదు, కాగితమంతా పాకుతుంది అని చెప్పాను. లిన్సీడ్ ఆయిల్, అంటే ఆరే గుణమున్న అవిసెనూనె, పల్చగా పూసి వారం రోజులు ఆరబెట్టింది. అలాగే మేకు నీడని వల అల్లే నైలాన్ దారంతో కుట్టింది, ఆ దారం వాళ్ల వసారాలో ఉండలుగా పడి ఉంటుంది కాబట్టి. మిక్స్‌డ్ మీడియా ఆ పనిలోకి వచ్చింది అలా. గీతకి అందని చోటు వచ్చినప్పుడు మెటీరియల్ వెతుక్కుంది. మ్యాపు మీద లాగిన ఎర్రదారానికీ ఈ నైలాన్ దారానికీ తేడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, రెండూ పక్కపక్కన పెడితే చాలు.

పేజీ పాడైతే చింపేయాలి అనేది కూడా "ముందు కాన్సెప్ట్" అనే అపోహకి తోబుట్టువే. దీని గురించి నా సంగతి చెప్పాలి.

మా నాన్న బోర్డు ఆర్టిస్టు. ఈ ఊళ్లో దుకాణాల మీద, లారీల వెనక, పెళ్లిళ్ల గుడ్డ బ్యానర్ల మీద ఆయన రాసిన అక్షరాలు ఉండేవి. సుద్ద పూసిన నూలుదారం గోడకి బిగించి ఒక్కసారి లాగి వదిలితే తిన్నటి గీత పడేది. దానిమీద ఎనామిల్‌తో రాసేవారు. ఆయన "శ్రీ"లో ఒక వంపు ఉండేది, కుంచె ఎత్తకుండా తిప్పేవారు. నేను బీఎఫ్‌ఏ రెండో ఏడులో ఉండగా స్కెచ్‌బుక్‌లో ఆయన చేతినీ, ఆ అక్షరాలనీ గీస్తూ వెళ్లాను. క్లాసులో ఒకాయన చూసి "ఇది ఆర్ట్ కాదు, సైన్‌బోర్డు పని" అన్నారు. ఆ రాత్రే హాస్టల్లో పదిహేడు పేజీలు చింపేశాను. తర్వాత రెండేళ్లు బుద్ధుడి ముఖాలు, మర్రి ఊడలు వేశాను, మార్కులూ వచ్చాయి. ఈలోగా ఫ్లెక్స్ వచ్చింది, గోడలకి కొత్త రంగులు వేశారు. నాన్న పోయాక ఆయన అక్షరాల మీద పని చేద్దామని కూర్చుంటే నా దగ్గర ఒక్క పేజీ లేదు. ఆ "శ్రీ" వంపు ఎంత ప్రయత్నించినా నా చేతికి రావట్లేదు. అందుకే ఎవరైనా పిల్లలు నా ముందు పేజీ చింపబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాను.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"డ్రాయింగ్ రానివాళ్లే మిక్స్‌డ్ మీడియా చేస్తారు." ఇది పుకారు, అంతే. పికాసో 1912లో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని బొమ్మలో అతికించి, చుట్టూ తాడు బిగించాడు. ఆయన డ్రాయింగ్‌కి వంక పెట్టినవాళ్లు లేరు. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీకి కంటి ఆపరేషన్ విఫలమై 1957 నాటికి చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఆయన రంగుకాగితాలు కత్తిరించి, చేత్తో తడిమి అమర్చి కొలాజ్‌లు చేశారు. ఆ కాగితం అంచుల్లో జీవితకాలం గీసిన గీతే కనిపిస్తుంది.

"ఐదు మెటీరియల్స్ ఉంటేనే మిక్స్‌డ్ మీడియా." ఎవరు పుట్టించారో గానీ ఏటా వింటున్నాను. రెండు చాలు. బొగ్గు, దారం. అంతే.

"పొందూరు ఖద్దరు అతికిస్తే శ్రీకాకుళం వచ్చేసినట్టే." రాదు. ఆ గుడ్డ వెనక వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసే చేతులున్నాయి. మీ ఇంట్లో ఆ చేతులుంటే ముందు అవి గీయండి. లేకపోతే అది బోర్డు మీద అతికిన లేబుల్‌గా మిగిలిపోతుంది. ఖద్దరు మీదే గీయాలనుకుంటే పల్చటి గంజి పెట్టి ఆరనివ్వండి, అప్పుడు బొగ్గు నిలుస్తుంది.

"సవర బొమ్మలు మన ఉత్తరాంధ్ర గుర్తు, ఎవరైనా వాడుకోవచ్చు." ఈ మాట విన్నప్పుడు నాకు కోపం వస్తుంది. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఎర్రమన్ను అలికిన గోడమీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మలు పెద్దల కోసం, పంట కోసం, జబ్బు తగ్గడం కోసం పూజతో వేసేవి. సవర పిల్లలు తమ వర్క్‌లోకి తెచ్చుకుంటే అది వాళ్ల ఇల్లు. బోర్డర్ బాగుందని మనం ఎత్తుకొచ్చి "నా అస్తిత్వం" అని పేరు పెట్టడం తప్పు.

"సెల్ఫ్ పోర్ట్రెయిట్ అంటే ముఖం ఉండాలి." అక్కర్లేదు. ఇందాక చెప్పిన మేకు ఎవరి బొమ్మ?

"ఇంట్లో దొరికే వస్తువులతో చేస్తే నిలవవు, ఖరీదైనవి కొనాలి." దీనికి కాస్త ఆగాలి. ఇందులో సగం భయం, సగం నిజం. ఎర్రమన్ను జల్లెడపట్టి తుమ్మజిగురుతో కలిపితే మంచి రంగు, ఎండకి వెలవదు. దీపం మసి కూడా అంతే. పసుపు మాత్రం వెలుతురు తగిలితే వెలిసిపోతుంది, గోడకి పెట్టే పనిలో దాన్ని నమ్ముకోవద్దు. బజారు కుంకుమ చాలావాటిలో ఉండేది అద్దకపు రంగు, తడి తగిలితే పాకుతుంది. వార్తాపత్రిక కొన్నేళ్లకి పచ్చబడి పెళుసెక్కుతుంది, కాగితంలో ఉండే లిగ్నిన్ వల్ల. అలా పచ్చబడటమే మీకు కావాలంటే సరే, తెలిసి వాడండి. మైదా జిగురు బాగానే పట్టుకుంటుంది గానీ మన సముద్రపు గాలికి బూజు పడుతుంది, పురుగు పడుతుంది. బైండింగ్ చేసేవాళ్లు అందులో మైలుతుత్తం కలిపేది అందుకే. అది విషం, ఇంట్లో పసిపిల్లలుంటే దాని జోలికి పోకండి. ఆరిన యాక్రిలిక్ రంగు మీద ఆయిల్ రంగు వెయ్యొచ్చు, ఆయిల్ మీద యాక్రిలిక్ వేస్తే ఊడొస్తుంది. బొగ్గు పనికి ఫిక్సేటివ్, అంటే బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, డాబామీదకి తీసుకెళ్లి పల్చగా రెండు మూడుసార్లు కొట్టండి, మూసిన గదిలో వద్దు.

ఫోటోల గురించి మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. అసలు ఫోటో అతికించకండి. బొబ్బిలి కుర్రాడొకడు వాళ్ల తాత ఉన్న ఒకే ఒక్క ఫోటోని బోర్డుకి జిగురుతో అతికించేశాడు. తర్వాత ఇంట్లో తద్దినానికి ఆ ఫోటో కావాల్సి వచ్చింది. తియ్యబోతే ముఖం దగ్గరే చిరిగింది. వాళ్ల మామ్మ ఏమీ అనలేదట, ఆ ముక్కలు కొంగున కట్టుకుందట. జిరాక్స్ తీయించుకోండి. లేజర్ ప్రింటు అయితే నీళ్లు కలిసిన జిగురుకి కరగదు. ఇంక్‌జెట్ అయితే చాలావరకు పాకిపోతుంది, ముందు ఒక మూల తడిపి చూసుకోండి.

ఇక తల్లిదండ్రుల సంగతి. "ఏటి మాస్టారూ, నాలుగేళ్లు సదివి గోనెముక్కలు అతికిస్తాదా మా గుంట? వడ్డాది పాపయ్య గారిలాగ అందంగా గీయొచ్చు కదా" అని ఒక తల్లి అడిగింది. ఆవిడ బెంగ నాకు అర్థమవుతుంది. అప్పు చేసి చదివిస్తున్నారు. పాపయ్య గారు 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టారు, చందమామలో ఆయన బొమ్మలు చూసే నేనూ పెన్సిల్ పట్టాను. ఆ చెయ్యి కావాలంటే ఆయనలా ఏళ్లపాటు రోజూ గీయాలి, గోనె వాడినా వాడకపోయినా. అదే చెప్పి, కూతురి స్కెచ్‌బుక్ ఆవిడ చేతికిచ్చాను. గోనె పక్కన పెట్టి, పుస్తకం ఆఖరిదాకా తిప్పింది. ధాన్యం బస్తా కుట్టే తన చేతులు నాలుగు చోట్ల కనిపించాయి. ఇంక ఏమీ అడగలేదు.

భావనపాడు అమ్మాయి వాళ్ల నాన్న ఆ ఏడు జూన్‌లో ఇంటికొచ్చాడు. చొక్కా మేకుకి తగిలించి, కూతురి కాగితాల కట్ట ముందేసుకుని ఒక్కొక్కటీ చూశాడట. మేకు దగ్గర ఆగలేదు. వల ముడి గీసిన ఇరవైతొమ్మిదో కాగితం దగ్గర ఆగాడు. "ఇలాక్కాదే అమ్మా, ఇలా కడితే జారిపోద్ది" అని దారం తెమ్మని, రెండు వేళ్ల మధ్య ముడి వేసి చూపించాడు. ఆ అమ్మాయి అక్కడే కూర్చుని ఆ వేళ్లని, ఆ ముడిని గీసింది. తప్పు ముడి ఉన్న కాగితం తీసెయ్యలేదు. ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కనే ఉన్నాయి, కింద రెండు తేదీలతో.