ట్రావెల్ రైటర్ అంటే ఊరికే ఊళ్లు తిరగడమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏం చేస్తుంటారని అడిగినవాళ్లకి ట్రావెల్ రైటర్ని అని చెప్తే వెంటనే వచ్చే మాట "అబ్బ, అదృష్టమంటే మీదేనండీ". కాదనను. కాకపోతే ఆ అదృష్టం వాళ్లు అనుకునే చోట ఉండదు. అస్తమానం వినే మాటలు కొన్ని తీసుకుని చెప్తాను.

అపోహ: డబ్బులిచ్చి మరీ ప్రపంచమంతా తిప్పుతారు.

తిరిగినందుకు ఎవరూ ఇవ్వరు, రాసినదానికి ఇస్తారు. పదాల లెక్కనో, వ్యాసానికి ఇంతనో మాట్లాడుకుంటారు, చాలా పత్రికల్లో అదీ అచ్చయ్యాకే చేతికొస్తుంది, అంటే టికెట్ ఖర్చు ఈరోజుది, డబ్బు ఎప్పటిదో. ఒప్పుకున్న వ్యాసాన్ని వాళ్లే ఆపేస్తే కొంత ఇచ్చే పద్ధతి ఉంది, కిల్ ఫీ అంటారు, కానీ ఒప్పందంలో ఆ ముక్క ఉంటేనే. అందుకే ఈ పనిలో నలిగినవాళ్లు ఒక ప్రయాణం మీద ఒకే వ్యాసం రాసి ఊరుకోరు. ఆ ఊరి పాత రైల్వే స్టేషన్ మీద ఒకరికి, నదిలో వాలే పక్షుల మీద మరొకరికి, ఫొటోలు విడిగా ఇంకొకరికి. ఇవన్నీ కుదరాలంటే హక్కులు మన దగ్గరే ఉండాలి కాబట్టి, "సర్వహక్కులూ మావే" అన్న వాక్యం కనిపిస్తే సంతకం పెట్టే చెయ్యి కాసేపు ఆపండి. చాలామంది దీంతోపాటు ఎడిటింగో అనువాదమో చేసుకుంటూనే ఉంటారు. బాగా సంపాదిద్దామని ఈ దారి పట్టినవాళ్లు నాకైతే ఇంకా తగల్లేదు.

అపోహ: హోటళ్లు, టూరిజం బోర్డులు ఫ్రీగా పిలుస్తాయిగా!

పిలుస్తాయి. ప్రెస్ ట్రిప్ అంటారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా కార్యక్రమం వాళ్లదే. ఒక గది చూపిస్తారు, ఇంకా పెద్ద గది చూపిస్తారు, స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు, బస్సెక్కించి వ్యూపాయింట్‌లో దింపుతారు, ఇరవై నిమిషాలకి మళ్లీ ఎక్కించేస్తారు. వీధిలో ఒంటరిగా దారి తప్పే తీరిక మాత్రం ఇవ్వరు, మనకి కావాల్సిందేమో అదే. పైగా ఉచిత ప్రయాణాల మీద రాసినవాటిని న్యూయార్క్ టైమ్స్ లాంటి పత్రికలు తమ ట్రావెల్ పేజీల్లో వేసుకోవు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో మార్గదర్శకాలు సవరించి, ఉచితంగా అందుకున్నవాటి గురించి రాసేటప్పుడు బ్లాగర్లు కూడా ఆ సంగతి బయటపెట్టాలంది. వెళ్లడమే తప్పని నేననను. ఖర్చెవరు పెట్టుకున్నారో పాఠకుడికి ముందే చెప్పేయాలి, చివర్లో చిన్నక్షరాల్లో కాదు.

అపోహ: ఎన్ని దేశాలు తిరిగితే అంత గొప్ప రచయిత.

గ్జావియే ద మెస్త్ర్ అనే సైనికాధికారి 1790లో ద్వంద్వయుద్ధం చేసినందుకు ఇటలీలోని టురిన్‌లో 42 రోజులు గృహనిర్బంధంలో ఉన్నాడు. తన గదిలోనే మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బల్లకి "ప్రయాణం" చేసి దాన్నే పుస్తకం రాశాడు. ఇప్పటికీ చదువుతున్నారు. పాస్‌పోర్ట్‌లో ముద్రలు లెక్కపెట్టుకునేవాళ్లకి ఇంతకన్నా చెప్పడం అనవసరం.

అపోహ: ఫోన్‌లో వీడియో తీస్తే సరిపోతుంది, ఇంకా రాయడమెందుకు?

అసలు లాభమేంటో ఇక్కడే చెప్పాలి. ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధి దాటే ఫెర్రీ ఎక్కండి. అందరి ఫోన్లూ మసీదు గుమ్మటాల వైపే ఉంటాయి, నేనూ తీస్తాను, ఎందుకు తీయను. కానీ రాయాలి అన్న టెన్షన్ ఒకటి వెనక ఉంటుంది చూశారా, అది కళ్లని వేరే వైపు తిప్పుతుంది. పడవ రేవుకి ఆనుతుండగా అంచున ఒక మనిషి తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఉచ్చు విసిరాడు, అది ఒడ్డున ఉన్న ఇనుప దిమ్మెకి ఒక్క విసురులో పడింది. అతను అటు చూడను కూడా లేదు. ఒక్క చేతికే గ్లవ్ ఉంది. రెండో దానికి ఎందుకు లేదని తోటి ప్రయాణికుడి చేత అడిగించాను. తాడు ఎంత బిగిసిందో ఒట్టి చేతికే తెలుస్తుందట. మామూలు టూరిస్టుగా వెళ్తే ఈ ప్రశ్న నాకు తోచదు, తోచినా అడగడానికి మొహమాటం. చేతిలో నోట్‌బుక్ ఉన్న మనిషికి ఆ మొహమాటం ఉండదు, అవతలి వాళ్లు కూడా తమ పని గురించి అడిగితే ఎంత ఓపికగా చెప్తారంటే, ఒక్కోసారి మన బస్సు వెళ్లిపోతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లని వాళ్ల బతుకు గురించి అడగడానికి ఒక సాకు దొరకడం, నా మటుకు నాకు ఈ వృత్తిలో ముట్టే జీతం అదే.

అపోహ: చూసినవన్నీ గుర్తుంటాయి, ఇంటికొచ్చాక తాపీగా రాసుకోవచ్చు.

1325లో మొరాకోలోని టాంజియర్ నుంచి బయల్దేరిన యాత్రికుడు ఇబ్న్ బతూతా దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత తన ప్రయాణాలు చెప్తుంటే ఇబ్న్ జుజయ్ అనే పండితుడు రాశాడు, 1355లో పూర్తయింది. డమాస్కస్ లాంటి చోట్ల వర్ణనలు కొన్ని అంతకుముందు శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ జుబైర్ రాతల్లోంచి వచ్చి చేరాయని తర్వాత పండితులు పట్టుకున్నారు. జ్ఞాపకం ఖాళీ వదిలిన చోట పక్కవాడి వాక్యం వచ్చి కూర్చుంటుంది, ఇప్పుడైతే ఇంటర్నెట్‌లో చదివింది వచ్చి కూర్చుంటుంది. గైడ్‌బుక్కులకి పేరుపడ్డ కార్ల్ బేడెకర్ గురించి ఒక కథ చెప్తారు. 1847లో మిలాన్ కెథడ్రల్ పైకి ఎక్కుతూ ఇరవై మెట్లకోసారి ఒక జేబులోంచి బఠాణీ గింజ తీసి ఇంకో జేబులో వేసుకున్నాడట, మెట్ల లెక్క తప్పకూడదని. దిగేటప్పుడు మళ్లీ అదే లెక్క, సరిచూసుకోడానికి. నవ్వొస్తుంది గానీ నాకు ఆయన మీద గౌరవమే. పేర్లు, దూరాలు, ఎవరేమన్నారో ఆ మాటలు అన్నీ ఆ రోజే రాసుకోవాలి. "అద్భుతం" అని మాత్రం రాసుకోకండి, ఆర్నెల్ల తర్వాత ఆ మాట చూస్తే ఏం గుర్తుకురాదు.

అపోహ: తిరిగొచ్చేస్తే పని అయిపోయినట్టే.

జపాన్ కవి బషో 1689లో ఉత్తరాదికి చేసిన నడక కొన్ని నెలలే, దాన్ని రాసి దిద్దుకోవడం ఆయన చనిపోయిన 1694 దాకా సాగింది, పుస్తకం 1702లో వచ్చింది. వెంట నడిచిన శిష్యుడు సొరా డైరీ 1943లో అచ్చయ్యాక చూస్తే, గురువుగారు కొన్ని సంగతులు తన వీలుకొద్దీ మార్చారని తేలింది. ఆయన కవి, చెల్లింది. మన వ్యాసం నమ్ముకుని ఎవరో చంటిపిల్లతో బస్సెక్కుతారు, మనకి చెల్లదు. ఇంటికొచ్చాక ఆ దిద్దుడు విసుగే, ఒప్పుకుంటాను, కానీ అదే ఊళ్లో రెండోసారి తిరిగినట్టుంటుంది, మొదటిసారి పట్టించుకోనివి అప్పుడు కనిపిస్తాయి, టికెట్ ఖర్చు లేకుండా.

అపోహ: టూరిస్ట్ వీసా చాలు.

అన్ని చోట్లా చాలదు. అమెరికాకి మీడియా పని మీద వెళ్లే విదేశీయులకి 'ఐ' వీసా అని విడిగా ఉంది. నేను రాసేది రాజకీయాలు కాదు, జలపాతాల గురించి అని ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర వాదించే బదులు, టికెట్ కొనకముందే ఆ దేశపు ఎంబసీకి ఒక మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి బ్యాగులో పెట్టుకోండి.