చెరువుకట్ట మీది ఎర్రాకు చెట్టు

చిరంజీవులు లలితమ్మకు, శ్రీనుకు తాతయ్య ఆశీస్సులు.

లలితమ్మా, నీ ఉత్తరం అందింది. సెలవుల్లో పెద్దాపురం దగ్గర మీ మేనమామ చేలో కర్రపెండలం, అదే సగ్గుబియ్యం చేసే దుంప మొక్క, చూశానన్నావు. కార్తీక వానలకు మన చెరువుకట్ట మీద చిగురేసిన ఎర్రాకు చెట్టుకూ ఆకు అలాగే వేళ్ళు వేళ్ళుగా చీలి ఉందన్నావు. దాన్ని పీకితే దుంపలొస్తాయా, ఉడకేసుకుని తినొచ్చా అని అడిగావు. జవాబు ముందే చెప్తాను. దుంపలు రావు. ఆ చెట్టు ఆకుగానీ గింజగానీ వేరుగానీ నోట్లో పెట్టుకోకూడదు. అయితే ఆ రెండూ చుట్టాలే. ఆకును చూసి నువ్వు ఆ సంగతి పట్టుకున్నందుకు నాకు చాలా సంతోషం.

దాన్ని సీమ నేపాళం అంటారు, అడవి ఆముదం అనేవాళ్ళూ ఉన్నారు. శాస్త్రంలో జట్రోఫా గాసిపిఫోలియా. కర్రపెండలం మానిహాట్ ఎస్కులెంటా. రెండూ ఆముదం కుటుంబంలోవే, రెండూ అమెరికా ఖండాల వేడి ప్రాంతాల నుంచి వచ్చినవే. మానిహాట్లలో దాదాపు 100 రకాలున్నాయి, అన్నిటికీ పుట్టిల్లు అక్కడే. వాటిలో వాకర్ మానిహాట్ అనే చిన్న పొద దక్షిణ టెక్సస్‌లోనూ, పక్కనే మెక్సికోలోని తమౌలిపాస్‌లోనూ ముళ్ళపొదల మధ్య తప్ప ఎక్కడా ఉండదు. సేద్యానికని ఆ పొదలు కొట్టేస్తూ పోయారు. చివరికి 1991లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోతున్న మొక్కల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. మన సీమ నేపాళానికి ఆ బాధ లేదు. జీవాలు దాన్ని ముట్టవు గనక కనిగిరి, పొదిలి వైపు బీళ్ళలోనూ రోడ్డు పక్కనా యథేచ్ఛగా పెరుగుతోంది.

ఇక దగ్గరకెళ్ళి చూడండి. కర్రపెండలం ఆకు చీలికలు దాదాపు కాడ దాకా దిగుతాయి, అంచు నున్నగా ఉంటుంది. సీమ నేపాళం ఆకు సగం దాకానే చీలుతుంది, మూడు పాయలో అయిదు పాయలో ఉంటాయి. లేతాకు వంకాయ రంగులో మెరుస్తుంది, ముదిరాక పచ్చబడుతుంది. మీ నాన్న భూతద్దం అడిగి తీసుకుని ఆకుకాడ మీద పెట్టి చూడండి. సన్నటి నూగు, ఒక్కో నూగు కొసన ఒక జిగట బొట్టు, అక్కడక్కడా దానికి అంటుకుపోయిన చిన్న పురుగులు కనిపిస్తాయి. కొమ్మ తుంచితే కర్రపెండలానికి తెల్లటి పాలు కారతాయి. దీనికి నీళ్ళలా పలచటి రసం వస్తుంది. బట్టకు పడితే మరక పోదు, కంట్లో పడితే భగ్గున మండుతుంది.

ఆ రసం మాటకొస్తే, మా కాలం పిల్లలకు కంచెల్లోని పెద్ద నేపాళంతో (అదీ జట్రోఫాయే, సీమ నేపాళానికి దగ్గరి చుట్టం) ఒక ఆట ఉండేది. ఆకుకాడను పూర్తిగా తుంచకుండా సగానికి విరిస్తే, విరిగిన సందులో రసం పొరకడుతుంది. మెల్లగా ఊదితే ఎండలో రంగురంగుల బుడగలు లేచేవి. గట్టిగా ఊదితే పొర చిట్లి రసం మొహాన పడేది. మీరు సబ్బునీళ్ళతో ఊదుకోండి.

సీమ నేపాళం పూలగుత్తి సంగతి పెళ్ళి భోజనాల బంతుల్లా ఉంటుంది. ఒకే గుత్తిలో ఆడపూలూ ఉంటాయి, మగపూలూ ఉంటాయి. ఆడపూలు కొన్నే, మగపూలు బోలెడు. మొదటి బంతి ఆడపూలది. అవి విచ్చే వేళకు పక్కనున్న మగపూలు ఇంకా మొగ్గలే. అందుకని మరో చెట్టు నుంచి తేనెటీగ పుప్పొడి మోసుకొస్తేనే వాటి విస్తరి నిండేది. ఆ బంతి లేచాక మగపూల బంతి మొదలవుతుంది. కర్రపెండలంలో అయితే ఈ రెండు బంతుల మధ్య ఒక వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. వడ్డించేది ఈగలు, చీమలు, సీతాకోకలు. ఆలస్యంగా విచ్చిన ఆడపువ్వొకటి రెండో బంతిలో కూర్చున్నా వాటికి అభ్యంతరం లేదు. కర్రపెండలం పువ్వుకు రేకులుండవు. సీమ నేపాళం పువ్వుకు ముదురెరుపు రేకులు అయిదు, నడుమ పసుపు.

చుట్టరికం బాగా తెలిసేది కాయలో. ఆముదం, కర్రపెండలం, నేపాళం, ఏ కాయ చూసినా మూడు గదులు, గదికో గింజ. కర్రపెండలం కాయకు అదనంగా ఆరు సన్నటి రెక్కలుంటాయి.

తినే సంగతి చెప్పకుండా వదలకూడదు. కర్రపెండలంలోనూ విషం ఉంది. దుంపను కోసినా నలిపినా లినమారిన్ అనే పదార్థం విడిపోయి సయనైడ్ పుడుతుంది. తొక్కలో అది ఎక్కువ. అందుకే తొక్క మందంగా తీసి, ముక్కలు కోసి, మునిగేన్ని నీళ్ళలో మెత్తగా ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తారు. సగ్గుబియ్యం మిల్లులో దుంపను తురిమి, కడిగి, పిండి పేరుకున్నాక వేయిస్తారు గనక మన పాయసానికి భయం లేదు. నేపాళాల్లోని విషం వేరు. పెద్ద నేపాళం గింజ పప్పు కమ్మగానే ఉంటుంది, పిల్లలు వేరుశనగ పప్పు అనుకుని తినేది అందుకే. గొంతు మండుతుంది, కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. శ్రీనూ, ఎవరైనా తిన్నారని తెలిస్తే బలవంతంగా కక్కించవద్దు. వెంటనే పెద్దవాళ్ళను పిలిచి 108కి ఫోన్ చేయించు. తిన్నవి ఏ గింజలో డాక్టరుకు తెలియాలి, నాలుగు గింజలు కాగితంలో పొట్లం కట్టి పంపు.

మళ్ళీ ఎండలు ముదిరాక, కాయలు గోధుమరంగుకు తిరిగిన రోజున మధ్యాహ్నం కట్ట మీదికి వెళ్ళండి. రెండు బారల ఎడంగా నీడన కూర్చోండి. ఎండిన కాయ టప్పున పగిలి గింజను విసురుతుంది, ఆ చప్పుడు మీకు వినిపిస్తుంది. పడిన గింజ కొసన తెల్లటి చిన్న కండ ఉంటుంది. చీమలకు కావలసింది ఆ కండే, కానీ దానికోసం గింజ మొత్తాన్నీ లాక్కుపోతాయి. గింజను మీరు ముట్టుకోకుండా చీమల వెంట నడవండి. ఎన్ని అడుగులు లాక్కెళ్ళాయో, కండ తిన్నాక గింజను ఎక్కడ పారేశాయో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య