గేదె ఎండాకాలం ఎదకు రాదా? చూడి విషయంలో అపోహలు, వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "డాక్టర్ గారూ, గేదె ఈని ఆర్నెల్లు దాటింది, ఎదకే రావట్లేదు." దసరా వెళ్లాక అవే నంబర్ల నుంచి మళ్లీ ఫోన్లు. ఈసారి ఎదకొచ్చింది, తొందరగా రండి అని. డెల్టా పల్లెల్లో పశువైద్యుడిగా ఇరవై ఏళ్లుగా ఇదే తంతు చూస్తున్నాను. ఈ మధ్యలో పోయిన ఐదారు నెలల మేత ఖర్చు మాత్రం ఎవరూ లెక్కేసుకోరు. గేదెల విషయంలో రైతులు గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా అబద్ధాలు. సగం నిజాలతోనే నాకు ఎక్కువ ఇబ్బంది.

అపోహ: "ఎండాకాలం గేదె ఎదకు రాదు. అది దాని జాతి గుణం, మనమేం చేయలేం."

ఇదొక సగం నిజం. గేదె పగటి పొద్దు తగ్గే కాలంలో బాగా ఎదకొచ్చే జంతువు. రాత్రి పొడవు పెరిగేకొద్దీ మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను ఎక్కువసేపు వదులుతుంది. అండాశయాలు చురుగ్గా పనిచేయడానికి అదే సంకేతం. గొర్రె, మేక కూడా ఈ కోవకే చెందుతాయి. గుర్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, పొద్దు పెరిగితేనే ఎదకొస్తుంది.

కానీ మనం ఎక్కడున్నామో కూడా చూసుకోవాలి. ముర్రా జాతి గేదెల సొంతూరు హర్యానా. అక్కడి హిసార్‌లో జూన్ పగటికీ డిసెంబర్ పగటికీ తేడా మూడున్నర గంటల పైనే. ఇటలీలో నేపుల్స్ దగ్గర గేదెలు పెంచేవాళ్లకైతే ఆ తేడా ఆరు గంటలు. మన విజయవాడలో అది రెండు గంటలు కూడా ఉండదు. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ గేదెలో ఈ కాలం పట్టింపు తగ్గుతూ వస్తుంది. అక్కడ మేత దొరికితే ఏడాది పొడవునా ఎదకొస్తాయి. అంటే మన దగ్గర ఎండాకాలం గేదె ఎదకు రావడం లేదంటే ఆకాశం వాటా కొంతే. ఎక్కువ వాటా వేడిది, ఎండుగడ్డిది. ఈ రెండూ మన చేతిలో ఉన్నవే.

ఇటలీ వాళ్ల సంగతి ఇంకొకటి చెప్పాలి. మొజరెల్లా అనే మెత్తటి జున్నుకి అక్కడ ఎండాకాలంలోనే గిరాకీ. గేదెలేమో వాటి ఇష్టానికి వదిలేస్తే ఆ గిరాకీకి అందేలా ఈనవు. అందుకని శరత్కాలంలో దున్నల్ని మంద నుంచి తీసేసి, పొద్దు పెరిగే నెలల్లో మళ్లీ వదులుతారు. చూడి శాతం కొంత తగ్గుతుంది, ఆ నష్టాన్ని భరిస్తారు. అంత పొద్దు తేడా ఉన్నచోటే కాలాన్ని కొంత వంచగలిగారు. ఇక మనకేం అడ్డం?

వేడి ఏం చేస్తుందంటే, గేదె ఒళ్లు నలుపు, చెమట గ్రంథులు ఆవు కంటే బాగా తక్కువ. ఎండలో దాని ఒంటి వేడి పెరుగుతుంది, మేత తగ్గుతుంది. ఎద వచ్చినా బయటికి కనబడనంత మందంగా వస్తుంది. కట్టినా పిండం తొలి రోజుల్లోనే పోవచ్చు. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రెండింటికి మీరు పది నిమిషాలు నిలబడలేకపోతే, గేదె రోజంతా ఎలా నిలబడుతుంది? రేకుల మీద వరిగడ్డి పరచండి, రోజుకి రెండు మూడుసార్లు ఒళ్లు తడపండి, చెరువుంటే దింపండి. మేతలో ఎక్కువ భాగం రాత్రి, తెల్లవారుజామున వేయండి. పాలగేదె ఎండాకాలం 70–80 లీటర్ల దాకా తాగుతుంది. రోజుకి రెండుసార్లు కుడితి పెడితే సరిపోదు, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

అపోహ: "అరవలేదు, ఎగబడలేదు. కాబట్టి ఎద కాదు."

గేదెల విషయంలో రైతుకి అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టే మాట ఇదే. ఆవుని చూసిన కళ్లతో గేదెని చూస్తాం. ఆవు అరుస్తుంది, పక్కదాని మీదికి ఎక్కుతుంది, ఊరంతటికీ తెలుస్తుంది. గేదె అలా కాదు. చాలా గేదెలకి సాయంత్రం నుంచి తెల్లవారుజాము మధ్య, మనం నిద్రలో ఉన్నప్పుడు ఎద మొదలవుతుంది. ఇలా అరుపూ ఎగబాటూ లేకుండా వచ్చేదాన్ని మూగ ఎద అంటాం.

మూడేళ్ల కింద మే నెలలో, దూడకి పారుడని ఒకావిడ ఫోన్ చేస్తే తెల్లవారి ఐదింటికి వెళ్లాను. దూడకి మందు పోశాక ఆవిడ మాటల్లో అన్నది: "ఆ పెద్దది నిన్న సాయంత్రం చేపలేదండీ. దూడని వదిలినా చేపలేదు." చేపడమంటే పాలు దిగనివ్వడం. అది మూడో ఈత గేదె, ఈని ఐదు నెలలు. ఎదకొచ్చిందా అమ్మా అంటే, "అబ్బే, అరవనే లేదండీ" అంది. టార్చి తీసుకుని గేదె వెనక్కి వెళ్లాను. రాత్రి పడుకున్న చోట ఇటుకల మీద, కోడిగుడ్డు తెల్లసొన ఒలికినట్టు అరచేయంత మెరుపు. దానికి రెండు గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. గేదెకి తోక కింద తీగ, అంటే ఎదలో కారే జిగురు, ఏమీ వేలాడటం లేదు. మానం (యోని ద్వారం) మాత్రం ఉబ్బి, ముడతలు పోయి నున్నగా ఉంది. గేదెలో చాలాసార్లు తీగ లోపలే నిలిచి, పడుకున్నప్పుడే కిందికి జారుతుంది. నేను చూపించేసరికి ఆవిడ నోటి మీద చేయి వేసుకుంది. "అది నీళ్లనుకున్నానండీ. రోజూ పాలు తీయగానే బకెట్ నీళ్లు కొట్టి కడిగేస్తాను కదా!"

సాక్ష్యాన్ని రోజూ తనే కడిగేస్తోంది పాపం. శుభ్రం పాటించే ఇంట్లోనే ఎద ఎక్కువగా తప్పిపోతుందంటే నవ్వొస్తుంది గానీ, ఇది నేను చాలా పాకల్లో చూశాను.

కాబట్టి కడగడానికి ముందు ఒకసారి వంగి చూడండి. చేపు తగ్గడం, పాలు తగ్గడం, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మేత మీద ధ్యాస లేకపోవడం, చన్నులు బిగుసుకోవడం... వీటిలో రెండు కనబడితే అనుమానించాల్సిందే. ఎద చక్రం 21 రోజులు. ఈసారి తప్పిపోతే మూడు వారాల తర్వాత అదే వారంలో రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారి నాలుగింటికి ఒకసారి లేచి చూడండి.

అపోహ: "తీగ కనబడగానే సూది పడాలి, ఆలస్యమైతే పోతుంది."

సూది అంటే ఇక్కడ కృత్రిమ గర్భధారణ, దున్న వీర్యాన్ని గొట్టంతో గర్భాశయంలో వేయడం. గేదెలో ఎద 12 నుంచి 24 గంటలు ఉంటుంది. అండం విడుదలయ్యేది ఎద ముగిశాక మరో 10–14 గంటలకి. విడుదలైన అండం బతికేది కొన్ని గంటలే. లోపలికి వెళ్లిన వీర్యకణాల బతుకు సుమారు ఒక రోజు. మరీ ముందు వేయిస్తే అండం వచ్చేసరికి వీర్యకణాలు చచ్చిపోయి ఉంటాయి. అందుకే పాత సూత్రమే మేలు: పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున. సూది వేసిన మర్నాటికి కూడా ఎదలోనే ఉంటే ఇంకోటి వేయించండి. తీగ స్వచ్ఛంగా గాజులా ఉండాలి. చీములా, మబ్బుగా ఉంటే ఆ ఎదకి సూది వద్దు, ముందు గర్భాశయానికి వైద్యం.

అపోహ: "సూది కంటే దున్నపోతే నయం. ఎండాకాలం సూదులు అసలు నిలవవు."

పల్లెల్లో ఒక్క సూదికి చూడి కట్టేది మూడింట ఒక గేదె, అటూ ఇటూగా. రెండు సూదులు తప్పగానే "సూది పనికిరాదు" అని ఊరి దున్న దగ్గరికి తోలుకెళ్తారు. ఆ దున్న కూడా మే నెలంతా అదే ఎండలో ఉందని ఎవరికీ గుర్తుండదు. వేడికి వృషణాలు దెబ్బతింటే ఆ ప్రభావం వెంటనే పోదు. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. మేలో దెబ్బతిన్న దున్న జూలైలో కూడా వట్టి దాటులే వేయొచ్చు. పైగా ఊళ్లో ఒక గేదెకి చూడి పోగొట్టే ఈసుడు రోగం, అదే బ్రూసెల్లోసిస్, ఉంటే దున్న ద్వారా మిగతావాటికి అంటే ప్రమాదం ఉంది. దీనికి టీకా పెయ్య దూడలకి 4–8 నెలల వయసులో, జీవితంలో ఒకేసారి వేస్తారు. ఆ వయసు దాటనివ్వకండి.

సూది తప్పడానికి ఇంకో కారణం వేసేవాళ్ల చేతి పొరపాటు. వీర్యపు స్ట్రా నైట్రోజన్ డబ్బాలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు కరిగించాలి. జేబులో పెట్టుకునో, అరచేతిలో రుద్దో కరిగిస్తే చాలా వీర్యకణాలు అక్కడే పోవచ్చు. మే నెల మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్లు 37 కంటే చాలా వేడిగా ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. సూది వేసే అబ్బాయిని "థర్మామీటర్ ఏదీ?" అని అడగడంలో తప్పు లేదు. మంచివాడైతే సంతోషిస్తాడు.

అపోహ: "సూది వేశాక పడుకోనిస్తే కారిపోతుంది. వీపు మీద చరచాలి, నీళ్లు పెట్టకూడదు."

మూడూ తప్పే. తర్వాత కారేది చాలావరకు ఎద తీగే. నీడన కట్టేయండి, నీళ్లు పెట్టండి. ఎండలో రెండు కిలోమీటర్లు నడిపించి ఇంటికి తేవడమే అసలు చెరుపు.

అపోహ: "దాణా బాగానే పెడుతున్నాం. మేతలో లోపం లేదు."

బలంగా కనబడే గేదె కూడా లోపంతో ఉండొచ్చు. డెల్టాలో ప్రధాన మేత వరిగడ్డి. అందులో భాస్వరం తక్కువ, విటమిన్ ఎ దాదాపు సున్నా. ఉన్న కాల్షియాన్ని కూడా అందులోని ఆక్సలేట్లు పట్టేస్తాయి. మార్చి నుంచి జూన్ దాకా దాని మీదే నడిపించి, జూలైలో ఎదకు రాలేదంటే ఎలా? రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, అంటే చిన్న పిడికెడు, దాణాలో కలపండి. ఈ నెల పెట్టి వచ్చే నెల మానేస్తే ఫలితం ఉండదు. పది సెంట్లలోనైనా నేపియర్ గడ్డి వేసుకోండి, నీళ్లు పెడితే ఎండాకాలం కూడా కోతకొస్తుంది. రబీ వరి కోయగానే మేతకి పిల్లిపెసర చల్లే అలవాటు మన పెద్దలది. అది ఊరికే పెట్టుకున్న అలవాటు కాదు.

ఈనిన తర్వాత ఒళ్లు మరీ కరిగిపోయిన గేదె ఎదకు రాదు. వెనక నిలబడి చూస్తే తుంటి ఎముకలు కొక్కేల్లా పొడుచుకొచ్చాయంటే, మందుల కంటే ముందు మేత. ఇక ఈనాక పడాల్సిన మాయ 12 గంటల్లో పడకపోతే దానికి రాయి కట్టి వేలాడదీయకండి. గర్భాశయం చీము పట్టేది అలాంటప్పుడే, ఆ గేదె ఏడాది వెనకబడుతుంది.

అపోహ: "ఎద ఇంజెక్షన్ ఒకటి పొడిస్తే సరి."

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు వచ్చి, గేదెకి మూడు నెలలుగా ఎద లేదు, సూది కూడా వేయించలేదు అన్నాడు. పొద్దుపోయింది, వాన పట్టేలా ఉంది. చేయి పెట్టి పరీక్షించకుండానే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ వేసేశాను. నాలుగో రోజు పొద్దున ఆయన గోనె పట్టాలో చుట్టి తెచ్చాడు, నా పిడికిలంత దూడ. మందలో తిరిగినప్పుడు ఏ దున్నో కట్టింది, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. ఆ మందు చూడిని పోగొడుతుంది. మెడికల్ షాపులో కొనుక్కుని సొంతంగా వేయించుకునే వస్తువు కాదు.

అలాగని హార్మోన్లు పనికిరావని కాదు. ఎండాకాలానికి అవి మంచి సాధనాలే. మొదటి రోజు ఒక ఇంజెక్షన్, ఏడు రోజులకి ప్రోస్టాగ్లాండిన్, ఆ తర్వాత రెండు రోజులకి మళ్లీ మొదటి మందు, ఆ మర్నాడు లెక్క ప్రకారం సూది. ఎద కోసం కాపలా కాయక్కర్లేదు. ఎద చక్రమే ఆగిపోయిన గేదెల్లో ప్రొజెస్టిరాన్ ఉన్న పరికరాన్ని యోనిలో కొద్ది రోజులు ఉంచి తీస్తాం. కానీ బక్కచిక్కి, లవణాలు అందని గేదెకి ఇవి చేసినా డబ్బు దండగ.

అపోహ: "చూడి పరీక్ష చేయిస్తే గర్భం పోతుంది. ఎదకు రాలేదంటే చూడే కదా."

తెలిసిన చేయి రెండు నెలలకి చూస్తే ఏమీ కాదు. స్కానింగ్ ఉంటే నెలకే తెలుస్తుంది. ఎదకు రాకపోవడం చూడికి గుర్తు కాదు, మూగ ఎదలో తప్పిపోయి ఉండొచ్చు. దీనికి ఎదురు కూడా ఉంది. చూడితో ఉన్న గేదె కూడా అప్పుడప్పుడు ఎద లక్షణాలు చూపిస్తుంది. అప్పుడు పరీక్షించకుండా సూది గొట్టం లోపలికి పెడితే గర్భం పోవచ్చు. నన్నడిగితే, సూది వేయించిన ప్రతి గేదెకీ అరవయ్యో రోజున పరీక్ష చేయించాల్సిందే.

ఎందుకంటే ఖాళీ అని తొందరగా తెలిస్తేనే మళ్లీ తొందరగా కట్టించగలం. గేదె మోసేది సుమారు 310 రోజులు. జూన్ మొదట్లో కట్టింది ఏప్రిల్‌లో ఈనుతుంది. ఊళ్లో పాలకి కరువున్నప్పుడు మీ ఇంట్లో పాలుంటాయి. డిసెంబర్ దాకా ఆగి కట్టిస్తే ఈత అక్టోబర్‌కి జరుగుతుంది, అప్పుడు అందరింటా పాలే.

ఆ తెల్లవారుజాము గేదెకి సాయంత్రం సూది వేశాం. రెండు నెలలకి చేయి పెట్టి చూస్తే చూడి. ఆవిడ ఇప్పుడు క్యాలెండర్‌లో ఎద కనబడిన రోజున 'ఎ' అని రాసి, అక్కడి నుంచి 21 లెక్కపెట్టి ఆ తేదీకి చుట్టూ గీత గీస్తుంది. ఆ తేదీకి ముందూ వెనకా రెండు రోజులు పాలు తీశాక బకెట్ ముట్టుకోదు, ముందు టార్చి తీస్తుంది.