కాలయంత్రం ఎక్కి స్పెయిన్ వెళ్లే కథలు: అపోహలు - వాస్తవాలు

నేను స్పానిష్ చరిత్ర పాఠాలు చెబుతాను. దానికి తోడు ఇంకో పని కూడా వచ్చిపడింది. టైమ్ ట్రావెల్ కథలు రాసేవాళ్లు తమ రాతప్రతుల్లో స్పెయిన్ ఘట్టాలుంటే "ఒకసారి చూడండి మేడమ్" అని పంపుతుంటారు. యంత్రం ఎలా నడుస్తుందన్నది నాకు సంబంధం లేదు. కాంతివేగాన్ని దాటినా, గోడలో తలుపు తెరిచినా అభ్యంతరం లేదు. పేచీ అంతా దిగిన చోటే. యంత్రాన్ని రచయిత సొంతంగా ఊహిస్తారు, స్పెయిన్‌ను మాత్రం అరువు తెచ్చుకుంటారు. అందులో సగం ఆ దేశపు శత్రువులు అచ్చువేసిన కరపత్రాల నుంచి వచ్చింది, మిగతా సగం పంతొమ్మిదో శతాబ్దపు స్పానిష్ దేశభక్తులు కట్టిన కథ. పదేపదే కనబడేవి కొన్ని చెబుతాను.

అపోహ: కాలయంత్రాన్ని మొదట ఊహించింది ఇంగ్లిష్‌వాళ్లు.

హెచ్.జి. వెల్స్ నవల ‘ది టైమ్ మెషీన్’ 1895లో వచ్చింది. అంతకు 8 ఏళ్ల ముందే, 1887లో, బార్సిలోనాలో ‘ఎల్ అనక్రొనోపెతే’ అచ్చయింది. రాసిన ఎన్రికే గస్పార్ నాటకకర్త, చైనాలో స్పెయిన్ తరఫున దౌత్యాధికారిగా పనిచేసినవాడు. మొదట దీన్ని సార్సువెలాగా, అంటే పాటలూ మాటలూ కలిసిన రంగస్థల వినోదంగా రాసుకున్నాడు. తర్వాతే నవల చేశాడు. యంత్రం పెద్ద ఇనప పెట్టె, నడిచేది కరెంటుతో. భూమి తిరిగే దిక్కుకు ఎదురుగా వేగంగా ఎగిరితే కాలం వెనక్కి చుట్టుకుంటుందన్నది అందులోని సిద్ధాంతం. వెనక్కి వెళ్లేకొద్దీ మనుషులూ చిన్నవాళ్లైపోతారు కదా, అది జరగకుండా ‘గార్సియా ద్రవం’ అనే మందు. ఆ ముందుచూపు నాకు చాలా నచ్చుతుంది. తర్వాత వచ్చిన చాలామంది రచయితలు ఆ ప్రశ్న అడగనే లేదు.

యంత్రం 1878 పారిస్ ప్రదర్శన నుంచి బయల్దేరుతుంది. దాని మజిలీలు 1860లో మొరాకోలో జరిగిన తెతువాన్ యుద్ధం, 1492లో స్పెయిన్‌లోని చివరి ముస్లిం రాజ్యం గ్రనడా, ఆపైన ఇంకా వెనక్కి చైనా, పాంపేయి. యంత్రం కట్టిన దోన్ సిందుల్ఫోకు విజ్ఞానం మీదకంటే మేనకోడలి మీద ధ్యాస ఎక్కువ. ఆడపిల్ల మాటకు విలువలేని కాలానికి తీసుకెళ్లి ఆమెను పెళ్లి చేసుకోవాలన్నది అతగాడి అసలు పథకం. కాలయాత్ర వెనక ఇంత చిల్లర ఉద్దేశం పెట్టిన రచయితకు మనుషుల గురించి బాగానే తెలుసు.

ఒక జాగ్రత్త. 1881లోనే ఒక అమెరికన్ కథలో గడియారం వెనక్కి తిరిగి మనుషుల్ని గతంలోకి తీసుకెళ్లింది. కాబట్టి గస్పార్‌కు "మొట్టమొదటి కాలయాత్ర" అనే బిరుదు తగిలించకండి. ఎక్కి కూర్చుని నడుపుకుంటూ వెళ్లే వాహనం వరకు ఘనత ఆయనదే.

అపోహ: తెరమీద సంవత్సరం కొడితే సరిగ్గా ఆ సంవత్సరంలో దిగుతాం.

ఇది అపోహ అని ఎవరికీ తోచదు, అందుకే నన్ను ఎక్కువ సతాయిస్తుంది. 1212 జూలై 16న లాస్ నావాస్ దె తొలోసా దగ్గర కాస్టిల్, అరగాన్, నవార్ అనే మూడు క్రైస్తవ రాజ్యాల రాజులు కలిసి, మొరాకో నుంచి వచ్చి దక్షిణ స్పెయిన్‌ను ఏలుతున్న అల్మొహాద్ ముస్లిం వంశపు సైన్యాన్ని ఓడించారు. ఆనాటి కాస్టిల్ పత్రాల్లో ఆ ఏడు 1250. రాతగాడి పొరపాటు కాదు, వాళ్లు లెక్కపెట్టింది క్రీస్తుపూర్వం 38లో మొదలయ్యే హిస్పానిక్ శకంలో. ఓడినవాళ్ల లెక్కలో అదే ఏడు హిజ్రీ 609. మన శాసనాల్లో శక సంవత్సరం చూడగానే 78 కలుపుకునే అలవాటున్నవాళ్లకు ఇది వింత కాదు, ఇక్కడ 38 తీసెయ్యాలి. ఈ శకాన్ని అరగాన్ 1350లో వదిలింది, కాస్టిల్ 1383లో, పోర్చుగల్ 1422లో. అంటే 1360లో మీ కథానాయకుడు అరగాన్‌లో బయల్దేరి కాస్టిల్ సరిహద్దు దాటితే, అవతల నోటరీ రాసే సంవత్సరం 1398. ఆ ఏడు రెండు రాజ్యాలకూ యుద్ధం నడుస్తోంది కాబట్టి దాటగలడా అన్నది వేరే సంగతి.

తేదీలు ఇంకా చిక్కు. 1582లో స్పెయిన్‌లో అక్టోబర్ 4 గురువారం తర్వాత వచ్చింది అక్టోబర్ 15 శుక్రవారం. పోప్ పదమూడో గ్రెగరీ క్యాలెండర్ సంస్కరణను స్పెయిన్ రాజు రెండో ఫెలిపే వెంటనే అమలు చేశాడు. ఆవిలా తెరేసా అనే ప్రసిద్ధ క్రైస్తవ సన్యాసిని సరిగ్గా ఆ 4వ తేదీ రాత్రి కన్నుమూసింది. మర్నాడు ఖననం చేశారు, తేదీ 15. కనక "1582 అక్టోబర్ 10, మాడ్రిడ్" అని అధ్యాయం మొదలుపెడితే, నేను ఎర్రసిరాతో గీత కొట్టక తప్పదు. ఆ రోజు అక్కడ లేనే లేదు.

ఇంగ్లండ్ మాత్రం 1752 దాకా పాత క్యాలెండరే పట్టుకుని కూర్చుంది. ‘దోన్ కిహోతె’ రాసిన సెర్వాంతెస్, షేక్స్‌పియర్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే పోయారన్న మాట మీద ఎంత కథ అల్లవచ్చో ఊహించుకోండి. సెర్వాంతెస్ పోయింది 22న, 23న పూడ్చారు. షేక్స్‌పియర్ పోయిన ఏప్రిల్ 23 స్పెయిన్ లెక్కలో మే 3. మధ్యలో 11 రోజులు. గాలి అనుకూలిస్తే ఇద్దరి మంచాల దగ్గరికీ చేరడానికి కాలయంత్రం అక్కర్లేదేమో, గుర్రమూ ఓడా చాలు.

అపోహ: భూమి గుండ్రంగా ఉందని కొలంబస్ పండితులకు నచ్చజెప్పాడు, ఇసబెల్ రాణి నగలు తాకట్టు పెట్టింది.

భూమి గుండ్రమని చదువుకున్నవాళ్లందరికీ అప్పటికే తెలుసు. గొడవ దూరం గురించి. కానరీ దీవుల నుంచి జపాన్‌కు సుమారు 4,400 కిలోమీటర్లే అని కొలంబస్ లెక్క. అసలు దూరం దాదాపు 20,000. అంత దూరానికి సరిపడా తిండీ నీళ్లూ ఏ ఓడా మోయలేదన్న పండితుల మాట అక్షరాలా నిజం. మధ్యలో ఒక ఖండం అడ్డురావడం వల్ల కొలంబస్ బతికిపోయాడు. టైమ్ ట్రావెల్ కథల్లో నాయకుడు గ్లోబు తీసి సభలో పెట్టగానే పండితులు సిగ్గుపడతారు. నిజంగా పెడితే వాళ్లే గెలుస్తారు! నగల సంగతి తర్వాత పుట్టిన ముచ్చట. డబ్బు సర్దినవాడు లూయిస్ దె సాంతాంగెల్ అనే ఆస్థాన ఆర్థికాధికారి, అతను ఇచ్చింది ఆనాటి నాణేల్లో 11,40,000 మరవేదీలు. అతని కుటుంబం యూదు మతం నుంచి మారింది. అదే 1492 మార్చి 31న యూదులను వెళ్లగొట్టే శాసనం మీద సంతకాలయ్యాయి. కొలంబస్‌తో ఒప్పందం కుదిరింది ఏప్రిల్ 17న. రెండింటి మధ్య మూడు వారాలు లేదు. నన్నడిగితే కథ అక్కడుంది, గ్లోబులో లేదు.

ఇంకో మాట. మీ యాత్రికుడు అప్పుడు ‘స్పెయిన్ రాజ్యం’ ఎక్కడని అడిగితే ఎవరూ చూపించరు. ఇసబెల్‌ది కాస్టిల్, ఫెర్నాందోది అరగాన్. 1469లో పెళ్లయినా చట్టాలూ పన్నులూ పార్లమెంట్లూ వేరువేరుగానే నడిచాయి. అవి ఒక గొడుగు కిందికి వచ్చింది 1707 నుంచి 1716 మధ్య వచ్చిన శాసనాలతో.

అపోహ: సెల్‌ఫోన్‌తో పట్టుబడిన యాత్రికుణ్ణి ఇన్క్విజిషన్ సాయంత్రానికల్లా తగలబెడుతుంది.

ఈ దృశ్యం లేని రాతప్రతి అరుదు. నల్ల ముసుగులు, కాగడాలు, అరుపులు, మంట. మొదట అంకెలు చూద్దాం. క్రైస్తవంలో మతభ్రష్టులను విచారించడానికి 1478లో పోప్ అనుమతితో ఏర్పడ్డ ఈ సంస్థ 1834లో రద్దయింది. 1540 నుంచి 1700 వరకు స్థానిక న్యాయస్థానాలు మాడ్రిడ్‌కు పంపిన కేసుల సారాంశాలను హైమె కొంత్రెరాస్, గుస్తావ్ హెనింగ్సెన్ అనే ఇద్దరు చరిత్రకారులు కూర్చుని లెక్కపెట్టారు. సుమారు 44,000 కేసులు, నిజంగా చంపింది 826 మందిని. 1480 తర్వాతి తొలి దశాబ్దాలు ఇంతకంటే చాలా క్రూరం. అప్పుడు ప్రధానంగా బలైనది యూదు మతం నుంచి మారిన కుటుంబాలు. మొత్తం మీద మరణాలు 3,000 నుంచి 5,000 మధ్య అని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. లక్షలు కాదు.

దీన్నిబట్టి అదేదో మెతక సంస్థ అనుకునేవాళ్లు ఈమధ్య స్పెయిన్‌లోనూ ఎక్కువయ్యారు. అదీ అబద్ధమే. భయం మంటలో కంటే ఫైల్లో ఉండేది. ఎవరు ఫిర్యాదు చేశారో చెప్పరు, ఆరోపణ ఏమిటో కూడా మొదట చెప్పరు, "నువ్వే గుర్తు తెచ్చుకుని ఒప్పుకో" అంటారు. పట్టుకున్న రోజే ఆస్తి జప్తు. శిక్ష పడ్డవాడు తొడుక్కున్న సాన్‌బెనితో అనే అవమాన వస్త్రాన్ని పేరుతో సహా ఊరి చర్చిలో వేలాడదీసేవాళ్లు, మనవలు కూడా తలెత్తుకోలేకుండా. మీ కథకు నిజమైన ఉత్కంఠ కావాలంటే కాగడాలు ఆర్పేసి, ఒక గుమాస్తాను కూర్చోబెట్టండి. మూడు నెలల వరకు రెండో ప్రశ్న అడగని గుమాస్తా.

మంత్రగత్తెల విషయం మరీ తలకిందులు. 1610లో లొగ్రోన్యోలో ఆరుగురిని సజీవంగా కాల్చారు. ఆ తర్వాత అదే న్యాయస్థానంలోని సలసార్ ఇ ఫ్రియాస్ అనే విచారణాధికారి ఊరూరూ తిరిగి, వందల వాంగ్మూలాలు తీసుకుని, మంత్రాలు జరిగినట్టు ఒక్క ఆధారం లేదని నివేదిక ఇచ్చాడు. 1614లో కొత్త నియమాలు వచ్చి స్పెయిన్‌లో ఇన్క్విజిషన్ చేతుల్లో మంత్రగత్తెల దహనాలు దాదాపు ఆగిపోయాయి. ఉత్తర ఐరోపాలో అవి ఇంకా జోరుగా సాగుతున్న రోజులవి.

ఇన్క్విజిషన్ అధికారం బాప్తిస్మం తీసుకున్నవాళ్ల మీదే. హైదరాబాద్ నుంచి వెళ్లిన హిందూ యాత్రికుణ్ణి మతభ్రష్టుడని విచారించడానికి వాళ్లకు చట్టం ఒప్పదు. గూఢచారి అని రాజు మనుషులు పట్టుకోవడం వేరు. మనవాళ్లకు గోవా ఇన్క్విజిషన్ గుర్తొచ్చి రెండూ కలిపేస్తుంటారు. 1560లో మొదలైన అది పోర్చుగీసు సంస్థ, దాని నడవడి వేరే కథ.

మరి ఆ మంటల చిత్రం ఎక్కడిది? రెండో ఫెలిపేతో పోరాడుతున్న డచ్, ఇంగ్లిష్ ప్రచారకుల నుంచి. స్పెయిన్ గురించిన ఈ ప్రచారానికి ‘నల్ల పురాణం’ అన్న పేరును 1914లో హూలియాన్ హుదెరియాస్ తన పుస్తకంతో స్థిరపరిచాడు.

అపోహ: ఇంగ్లండ్ మీదికి స్పెయిన్ పంపిన ఆర్మడా నౌకాదళం మునిగింది, స్పెయిన్ పని అయిపోయింది. గెలిచుంటే ప్రపంచమంతా స్పానిష్.

జాన్ బ్రనర్ 1962 నవల ‘టైమ్స్ వితౌట్ నంబర్’ ఆర్మడా గెలిచిన లోకంలో కాలయాత్రికుల సంఘాన్ని పెట్టింది. ఊహగా ఎంతో బాగుంది. దాన్ని చరిత్ర అనుకోవడంతోనే చిక్కు. 1588లో వెళ్లిన సుమారు 130 ఓడల్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చాయి. ఎక్కువ నష్టం తుపాన్ల వల్ల, ఐర్లండ్ తీరంలో. మర్నాటి ఏడు ఇంగ్లండ్ పంపిన ప్రతిదండయాత్ర లా కొరున్యా దగ్గరా లిస్బన్ దగ్గరా అంతే ఘోరంగా దెబ్బతింది. దాని గురించి కథలు రావు. యుద్ధం 1604 సంధి దాకా సాగింది. ఆర్మడా, ఇంగ్లిష్ ఓడలు తలపడిన గ్రావలీన్ పోరు తేదీ రాసేటప్పుడు పైన చెప్పింది మరవకండి: స్పానిష్ దినచర్యల్లో ఆగస్టు 8, ఇంగ్లిష్ దినచర్యల్లో జూలై 29.

అపోహ: ఎనిమిది వందల ఏళ్ల మతయుద్ధం. లేదా ఎనిమిది వందల ఏళ్ల మతసామరస్యం.

ఎనిమిదో శతాబ్దం నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ముస్లిం, క్రైస్తవ రాజ్యాలు పక్కపక్కనే ఉన్న కాలం గురించి చెప్పే మాటలివి. రెండూ ఒకే సోమరితనం. క్రైస్తవ వీరుడిగా పేరున్న ఎల్ సిద్ కొన్నేళ్లు సరగోసా ముస్లిం పాలకుల కొలువులో సేనాని. కోర్డోబాలో పుట్టిన యూదు తత్వవేత్త మైమొనిదెస్ కుటుంబం ఊరు వదిలింది అల్మొహాద్‌ల భయంతో. ఏ దశాబ్దం, ఏ ఊరు అన్నది ముందు తేల్చుకోండి.

అపోహ: మధ్యయుగపు సత్రంలో బంగాళాదుంప తొర్తీయా (గుడ్ల అట్టు), టమాటా గస్పాచో (చల్లని సూప్).

1492కు ముందు బంగాళాదుంపా లేదు, టమాటా లేదు, మిరపకాయ అసలే లేదు. చిత్రకారుడు వెలాస్కెస్ 1618లో గీసిన గుడ్లు వేయించే ముసలమ్మ బొమ్మలో ఎండుమిరపకాయ కనబడుతుంది, అప్పటికి వంటింట్లో చేరిపోయిందన్నమాట. రాయలవారి కాలం రాసే మన రచయితలకూ ఇదే మనవి. 1509 పట్టాభిషేకపు విందుకు మిరప బస్తాలు దించకండి, ఘాటు కావాలంటే మిరియాలున్నాయి.

అపోహ: తర్వాత నియంత అయిన ఫ్రాంకోను ముందే చంపేస్తే 1936-39 అంతర్యుద్ధం ఉండదు.

అందరికీ నచ్చే కథ ఇదే. 1936 జూలై 11న లండన్ పక్కన క్రాయ్‌డన్ నుంచి ‘డ్రాగన్ రాపీద్’ అనే అద్దె విమానం కానరీ దీవులకు బయల్దేరింది, ఫ్రాంకోను మొరాకో చేర్చడానికి. దాన్ని ఆపితే చాలనుకుంటారు. ప్రభుత్వం మీద సైనిక తిరుగుబాటు 17న ఉత్తర ఆఫ్రికా తీరంలోని మెలీయాలో మొదలయ్యేనాటికి ఫ్రాంకో అక్కడ లేడు. కుట్రను నడిపినవాడు పాంప్లోనాలో ఉన్న జనరల్ మోలా, నాయకుడిగా అనుకున్నది పోర్చుగల్‌లో ప్రవాసంలో ఉన్న సన్‌హుర్హో. ఆ సన్‌హుర్హో జూలై 20న విమానం పైకి లేస్తుండగానే కూలి చచ్చిపోయాడు. మోలా కూడా 1937 జూన్‌లో విమాన ప్రమాదంలోనే పోయాడు. ఒక నాయకుణ్ణి తొలగించే ప్రయోగం చరిత్రే రెండుసార్లు చేసింది, యుద్ధం ఆగలేదు. ఫ్రాంకో దేశాధినేత అయింది 1936 అక్టోబర్ 1న. అతను లేకపోతే గెలిచే తీరు మారవచ్చు, కానీ ఆఫ్రికా సైన్యాన్ని జిబ్రాల్టర్ జలసంధి దాటించిన జర్మన్, ఇటాలియన్ విమానాలు ఇంకొకరి కోసం వచ్చేవి కావని చెప్పలేం.

2015లో స్పెయిన్ ప్రభుత్వ టీవీలో మొదలైన ‘ఎల్ మినిస్తేరియో దెల్ తియెంపో’ సీరియల్ ఈ ఉచ్చులో పడలేదు. అందులో కాలాన్ని కాపాడేది ఒక ప్రభుత్వ శాఖ. తలుపులు గతంలోకే తెరుచుకుంటాయి, ఉద్యోగుల పని ఏదీ మారకుండా చూడటం. పదహారో శతాబ్దపు సైనికుడు, 1880 నాటి బార్సిలోనా విద్యార్థిని, నేటి అంబులెన్స్ ఉద్యోగి ఒకే జట్టు. వెలాస్కెస్ బొమ్మలేసే ఉద్యోగి. 1981లో పికాసో ‘గెర్నికా’ చిత్రం దేశానికి తిరిగొచ్చిన ఉదంతాన్ని వాళ్లు ఒక రసీదు చుట్టూ తిప్పారు. స్పెయిన్ గురించి ఇంతకంటే నిజాయితీ గల కాలయాత్ర నేను చూడలేదు. గతాన్ని బాగుచేద్దామన్న కోరికను పాత్రల చేత ప్రతిసారీ అనిపించి, ప్రతిసారీ కాదనిపించారు.

అంతర్యుద్ధం రాసేవాళ్లకు చివరిగా ఒక పనికొచ్చే ముక్క. స్పెయిన్ గడియారాలు 1940 మార్చి దాకా లండన్ సమయంతో నడిచాయి. ఆ నెల ఫ్రాంకో ప్రభుత్వం వాటిని ఒక గంట ముందుకు జరిపి జర్మనీ సమయంతో కలిపింది, యుద్ధం అయ్యాక కూడా వెనక్కి తిప్పలేదు. అందుకని 1936 జనవరిలో మాడ్రిడ్ తెల్లవారడం రాస్తూ ఇవాళ్టి ఫోన్ యాప్‌లో సూర్యోదయ సమయం చూస్తే, అందులోంచి ఒక గంట తీసెయ్యండి.